హాస్టల్ పిల్లల పత్రిక, 4వ పాఠం: ఎర్రపెన్ను లేకుండా దిద్దడం

పోయిన పాఠంలో చెప్పినట్టు పత్రిక కోసం పిల్లల చేత రాయించి ఉంటే ఇప్పుడు మీ ముందు ఓ కాగితాల కట్ట ఉండాలి. లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపినవి, వెనకాల లెక్కలు చేసినవి, పెన్సిల్ రాత సగం చెరిగిపోయినవి, అన్నీ ఉంటాయి. ఇంకా రాయించకపోతే ముందు ఆ పని చూడండి, ఎందుకంటే ఈసారి చెప్పేది చేతిలో కాగితం ఉంటేనే తలకెక్కుతుంది.

అసలు కాగితం మీద గీత పెట్టొద్దు. జిరాక్స్ తీయించుకుని దిద్దడమంతా దాని మీదే, అదీ పెన్సిల్‌తో. సొంత చేతిరాత మీద ఎర్రగీతలు పడ్డాయంటే ఆ పిల్లకు అది మళ్లీ పరీక్ష పేపరే, ఇంకోసారి రాయమంటే ‘ఏం రాయాలె సార్, మీరే చెప్పుండ్రి’ అంటుంది.

ఇక అసలు సంగతి. కింది నమూనా పాఠం కోసం నేను కట్టిందే, కానీ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే ఊళ్ల పిల్లలు చాలామంది దాదాపు ఇలాగే రాస్తారు:

“మాది నిరుపేద కుటుంబం. మా అవ్వ పొద్దుగాల్నే పత్తి ఏరవోతది. దసరా సెలవులల్ల నేను గూడ వోత. కిలోకు ఇంతని ఇస్తరు. మంచుకు తడిసిన పత్తి బరువుంటది గని పటేలు ఊకోడు. కాయ మొనలు గుచ్చుకొని ఏళ్లు మంటవెడ్తయ్, రాత్రి కారంతోని అన్నం కలుపుకుంటే ఇంక మండుతయ్.”

మనలో చాలామంది దీన్ని ఎలా ‘బాగు’ చేస్తారంటే: “మా తల్లి ఉదయాన్నే పత్తి ఏరడానికి వెళ్తుంది. మా కోసం ఎంతో శ్రమిస్తుంది. తల్లి ఋణం తీర్చుకోలేనిది.” తప్పు ఒక్కటి లేదు, గైడులో వ్యాసంలా నున్నగా ఉంది. పటేలు పోయాడు, తడి పత్తి పోయింది, అన్నంలో మండిన వేళ్లు పోయాయి. ఇది ఏ పిల్లైనా రాయొచ్చు, కాబట్టి ఎవరూ చదవరు. సెప్టెంబర్ 9న కవి కాళోజీ పుట్టినరోజని తెలంగాణ భాషా దినోత్సవం ఘనంగా చేస్తాం, దండలేస్తాం, ఉపన్యాసాలిస్తాం, 10న క్లాసులోకి పోయి ‘ఏరవోతది’ కింద గీత కొడతాం.

అట్లని ఏదీ ముట్టొద్దని కాదు. చదివేవాడు తడబడే చోట దిద్దాల్సిందే. పై నమూనాలో ‘ఏళ్లు’ అచ్చులో చూస్తే సంవత్సరాలేమో అనిపించొచ్చు, ‘వేళ్లు’ అని పెడదామా అని ఆ పిల్లనే అడగండి. ఒకే మాటను రెండు రకాలుగా రాస్తే ఏదో ఒకటి ఖాయం చేయండి. ‘మాది నిరుపేద కుటుంబం’ తీసేయొచ్చు. సభల్లో, స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో అలా మొదలుపెట్టడం పిల్లలకు మనమే నేర్పాం, తర్వాతి వాక్యాలు చదివితే పేదరికం ఎలాగూ తెలుస్తుంది. అది కూడా ఆ పిల్ల ఒప్పుకుంటేనే.

మిగతా చోట్ల దిద్దకుండా అడగండి, ఈ పాఠంలో ముఖ్యమైంది ఇదే. ‘కిలోకు ఇంతని’ పక్కన పెన్సిల్‌తో: ఎంత? ‘పటేలు ఊకోడు’ పక్కన: ఏమంటడు, ఏం చేస్తడు? నోటితో ఆ పిల్ల టకటకా చెప్తుంది, “ఎండిన పత్తే జోకుతడు సార్, తడిది ఆరవోయమంటడు, అందాక అవ్వ ఆడనే కూసుంటది.” వెంటనే ‘ఆ, ఇదే రాయి’ అని కాగితం ఇచ్చేయండి, మీరు రాయొద్దు. మీరు రాస్తే కూసుంటది కాస్తా కూర్చుంటుంది అయిపోతుంది, మీకు తెలియకుండానే.

ఇక పేర్లు. ఊరి పేరు, పిల్ల పేరు అచ్చయితే ఆ పటేలు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది, తెల్లారితే వాళ్లవ్వ అదే చేనుకు పోవాలి. అందుకే రాసిన పిల్లనూ, ఇంట్లోవాళ్లనూ ఇద్దరినీ అడగండి. సంతకం పెట్టించుకోవడం ఒక్కటే కాదు, ఆఖరి ప్రతిని గట్టిగా చదివి వినిపించండి, చదువురాని తల్లికి అయితే తప్పకుండా. కలం పేరు కావాలంటే పిల్లనే పెట్టుకోమనండి, భలే పేర్లు పెట్టుకుంటారు.

బాలసదనంలో ఉన్న పిల్లలైతే, ఏదైనా కేసులో ఉన్న పిల్లలైతే ఇది మన ఇష్టం మీద ఉండదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం వాళ్లను గుర్తుపట్టే పేరు, చిరునామా, బడి, ఫోటో ఏదీ అచ్చు వేయకూడదు. లైంగిక వేధింపుల కేసుల్లో పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా ఇదే చెప్తుంది. మన పదహారు పేజీల పత్రికను ఎవరు చూస్తారులే అనుకోవద్దు, ఒక్క పేజీ ఫోటో వాట్సాప్‌లో పడితే చాలు.

డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టడం, దాని గురించి ఒక్క మాట, మిగతాది వచ్చే పాఠంలో. హన్మకొండలో టైపు చేయించినా, ఇంకెక్కడ చేయించినా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పనిచేసేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా వచ్చే తెలుగులో, కొట్టి పంపింది అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. దానికి తోడు ఆపరేటర్‌గారు మంచి మనసుతో ‘పోతది’ని ‘పోతుంది’ చేసి పెడతారు. ప్రూఫ్‌ను పిల్లల అసలు కాగితం పక్కన పెట్టుకునే చూడండి, మీ జిరాక్స్ పక్కన కాదు.

ఈ వారం అభ్యాసం: కట్టలోంచి మీకు అన్నిటికంటే చప్పగా అనిపించిన కాగితం తీయండి. ఒక్క అక్షరం దిద్దకుండా దాని జిరాక్స్ మీద మూడు ప్రశ్నలు మాత్రం రాసి తిరిగి ఇవ్వండి. ‘ఎందుకు?’ అని అడగొద్దు, దానికి నీతివాక్యాలు వస్తాయి. ఎంత, ఎప్పుడు, ఎవరన్నరు, చేతిలో ఏముండె, ఇట్లాంటివి అడగండి. కొత్త ప్రతి వచ్చాక పాతదాన్ని పారేయకుండా రెండూ కలిపి పిన్ చేసి ఉంచండి, 5వ పాఠంలో పేజీలు కట్టేటప్పుడు రెండూ కావాలి.