బోరిస్ అకూనిన్ జీవితాన్ని సభలో పరిచయం చేయడం ఎలా?

విజయవాడ సాహిత్య సభల్లో రష్యన్ రచయిత అనగానే మన మాట టాల్‌స్టాయ్, గోర్కీల మీదికే పోతుంది. మాస్కోలో అచ్చయి వచ్చి, ఏలూరు రోడ్డు దుకాణాల్లో చౌకగా దొరికిన తెలుగు అనువాదాలు చదివి పెరిగిన శ్రోతలు ఇక్కడ ఇంకా ముందు వరసల్లో కూర్చుంటారు. వారికి డిటెక్టివ్ నవలలు రాసిన ఒక సాహిత్యవేత్తను పరిచయం చేయదలచినవారు పుట్టిన తేదీతో కాకుండా పేరుతో మొదలుపెట్టాలని నా సలహా.

ఆయన అసలు పేరు గ్రిగోరి ఛ్ఖార్తిష్విలి. జపాన్ భాషలో 'అకూనిన్' అంటే దుష్టుడు. తొలి పుస్తకాల మీద 'బి. అకూనిన్' అనే అచ్చయ్యేది. నల్లబల్ల మీద 'అకూనిన్' అని రాసి, దాని ముందు పొల్లు 'బ్' చేర్చండి. సంధి నేర్చుకున్న తెలుగువారు చెప్పకుండానే 'బకూనిన్' అని చదువుతారు. అది 19వ శతాబ్దపు ప్రసిద్ధ రష్యన్ అరాచకవాది పేరు.

తరువాత జీవిత వివరాలను రెండు మూడు వాక్యాల్లో ముగించవచ్చు. 1956లో జార్జియాలో పుట్టారు, చిన్నతనం నుంచీ మాస్కోలో పెరిగారు, అక్కడే జపాన్ గురించి చదువుకున్నారు, జపాన్ రచయిత మిషిమా రచనలను రష్యన్‌లోకి అనువదించారు, విదేశీ సాహిత్యాన్ని ప్రచురించే మాసపత్రికలో ఉపసంపాదకులుగా 2000 వరకు పనిచేశారు. రష్యన్ పండితుడు కదా అని ఆయనను రష్యన్ సాహిత్య ఆచార్యుడిగా పరిచయం చేయకండి. ఆయన ప్రత్యేక అధ్యయనం జపాన్ సాహిత్యం.

అసలు సమయం ఇవ్వవలసింది 1998, 1999 సంవత్సరాలకు. ఫాందోరిన్ అనే యువ పోలీసు ఉద్యోగిని పరిచయం చేసిన తొలి నవల 'అజజేల్' 1998లో వచ్చింది. మరుసటి సంవత్సరం రచయితల ఆత్మహత్యల మీద ఆయన రాసిన బృహత్ గ్రంథం ఛ్ఖార్తిష్విలి అనే అసలు పేరుతో వెలువడింది. 'అజజేల్' నవల కూడా 1876 మే నెలలో, మాస్కోలోని అలెగ్జాండర్ ఉద్యానవనంలో, ఒక విద్యార్థి అందరి ఎదుట ప్రాణం తీసుకోవడంతోనే మొదలవుతుంది. పండితుణ్ణి వేధించిన ప్రశ్నే కథకుడి చేతిలో నేర పరిశోధనగా మారిందని నేను నమ్ముతాను. ప్రసంగానికి ఇదే వెన్నెముక కావాలి. అయితే సభలో కళాశాల పిల్లలు ఉంటే ఆ ఘట్టాన్ని వర్ణించకుండా, ప్రస్తావించి ముందుకు సాగండి.

2014లో ఆయన రష్యాను విడిచి వెళ్లారు. ఉక్రెయిన్ యుద్ధాన్ని వ్యతిరేకించినందున 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఆయనను ఉగ్రవాదుల, తీవ్రవాదుల జాబితాలో చేర్చింది. ఈ భాగాన్ని తేదీలతో, విశేషణాలు లేకుండా చెబితేనే దాని బరువు తెలుస్తుంది.

సభ ముగిశాక తప్పకుండా ఎవరో ఒకరు పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. 'అజజేల్' అని అడిగితే దుకాణంలో దొరకకపోవచ్చు. ఇంగ్లిష్ అనువాదం పేరు 'ది వింటర్ క్వీన్' అని చీటీ మీద రాసి ఇవ్వండి.