ముప్పావుగంట అధ్యక్షుణ్ని తరగతిలో ఆడించడం ఎలా?

1913 ఫిబ్రవరి 19న మెక్సికోలో పెద్రో లాస్కురాయిన్ అధ్యక్షుడై, గంట నిండకుండానే దిగిపోయాడు. 45 నిమిషాలని ఎక్కువమంది అంటారు, అంటే మన హైస్కూల్లో ఒక పీరియడ్. తిరుపతి, చిత్తూరు బడుల్లో తొమ్మిది, పది తరగతులకు దీన్ని ఆటగా పెట్టొచ్చు.

నాలుగు కుర్చీలు వరసగా వేసి, వాటికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, విదేశాంగ మంత్రి, హోం మంత్రి అని అట్టలు తగిలించండి. ముందు కుర్చీ ఖాళీ అయితే ఆ పదవి ఈ వరసలోనే తర్వాతివాడికి వస్తుంది. మొదటి మూడింట్లో మదేరో, పినో స్వారెస్, లాస్కురాయిన్ కూర్చుంటారు. నాలుగోది ఖాళీ. సైన్యాధిపతి వెర్తా తలుపు దగ్గర నిలబడతాడు. మిగతా పిల్లలంతా పార్లమెంటు.

మదేరో, స్వారెస్ అప్పటికే వెర్తా చేతిలో బందీలు. ఇద్దరూ రాజీనామాలు రాస్తారు, సభ చేతులెత్తి ఆమోదిస్తుంది. లాస్కురాయిన్ మొదటి కుర్చీకి జరిగి ప్రమాణం చేస్తాడు, వెర్తాను హోం మంత్రిగా నియమిస్తూ కాగితం రాస్తాడు, ఆ తర్వాతే తన రాజీనామా ఇస్తాడు. సభ మళ్లీ చేతులెత్తుతుంది. నాలుగో కుర్చీలోని వెర్తా మొదటి దాంట్లోకి వస్తాడు. దర్శనం క్యూలో పెరిగిన పిల్లలకు ముందుకు జరగడం నేర్పక్కర్లేదు. నడుమ దూరిందెవరో చూడమనండి, చాలు.

తరచూ దెబ్బతినేది ఒక్కచోటే: పిల్లవాడు హడావుడిలో నియామకం కంటే ముందు రాజీనామా రాసేస్తాడు. అప్పుడు వెర్తా తలుపు దగ్గరే ఉండిపోతాడు, వరసలో ఎవరూ మిగలరు. ఆట అక్కడ ఆపి, "తుపాకులున్నవాడికి ఈ కాగితాలెందుకు?" అని అడగండి. జవాబు మీరే చెప్పేయకండి, కాసేపు కొట్టుకోనివ్వండి. ఇంత చేసినా అమెరికా అధ్యక్షుడు విల్సన్ వెర్తా ప్రభుత్వాన్ని గుర్తించలేదు. మూడు రోజులకే, ఫిబ్రవరి 22 రాత్రి, మదేరోను, స్వారెస్‌ను చంపేశారు. ఈ ముక్క ఆడించొద్దు, నోటితో చెప్పండి.

రెండో పీరియడ్ మన దేశానిది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయారు. 65వ అధికరణ ప్రకారం ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యతలు చేపట్టారు. ఎన్నికలో నిలబడేందుకు జూలై 20న ఆయనా రాజీనామా చేశారు. రెండు కుర్చీలూ ఖాళీ! అయితే పార్లమెంటు మేలోనే చట్టం చేసి పెట్టింది కాబట్టి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చి ఆగస్టు 24 దాకా ఉన్నారు. ఆ పాత్రధారిని మంత్రుల వరసలో కూర్చోబెట్టకండి, విడిగా బల్ల వేయండి. ఆ ఎన్నికలో గిరి చేతిలో ఓడింది మన అనంతపురం నీలం సంజీవరెడ్డి. ఆయన మొదటి కుర్చీ ఎక్కింది 1977లో. అందుకే సంజీవరెడ్డి వేషం వేసిన పిల్లవాణ్ని పీరియడ్ అయ్యేదాకా కిటికీ పక్కనే నిలబెట్టాలి.