పిల్లలకు మంచి ఫ్రేమ్ పెట్టడం నేర్పించడం ఎలా? ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టండి

పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలితే కృష్ణమ్మ, గేట్లు, ఇంద్రకీలాద్రి, ఆకాశం, పక్కన పోయే ఆటో అన్నీ ఒకే ఫొటోలో కుక్కేస్తాడు. తీరా చూస్తే కొండ వేలెడంత ఉంటుంది. ఫొటోలో ఏం పెట్టాలో కాదు, ఏం వదిలేయాలో ముందు నేర్పాలి.

1. ముందు ఫోన్ ఇవ్వకండి

పాత నోట్‌బుక్ అట్ట తీసుకుని మధ్యలో 12 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తున కిటికీ కోయండి. చాలా ఫోన్లలో మామూలుగా వచ్చే ఫొటో కూడా ఇదే 4:3 కొలతలో ఉంటుంది. ఒక కన్ను మూసి, అట్టను ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే 1957 నాటి ఆ 70 గేట్ల వరుస చాలావరకు కిటికీలో పట్టేస్తుంది. చెయ్యి బారుగా చాపితే కొన్ని గేట్లే మిగులుతాయి. అట్టను నిలువుగా తిప్పితే కొండ, కింద నీళ్లు, అంతే. నిలబడ్డ చోటు మారకుండానే ఇన్ని ఫొటోలా అని వాళ్లకే తడుతుంది. సాయంత్రమంతా ఈ ఆటలోనే గడిచిపోయినా ఫర్వాలేదు. నా లెక్కలో మిగతా మెట్లన్నీ దీని తర్వాతే.

2. ఒక్క ప్రశ్న అడగండి

“ఇందులో ఏం చూపిద్దామనుకుంటున్నావ్ నాన్నా?” ‘కొండ’ అంటే సరే. ‘అన్నీ’ అంటే మళ్లీ అట్ట చేతికివ్వండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.

3. గ్రిడ్ ఆన్ చేయండి

కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు వస్తాయి. నీటి అంచు అడ్డగీతల్లో ఒకదాని మీదికి రావాలి, వంకర పోకూడదు. ఆకాశంలో రంగులుంటే దానికి మూడింట రెండు వంతులు, తెల్లగా బోసిగా ఉంటే నీళ్లకు రెండు వంతులు. గీతలు కలిసే చోటికి గుడినో పడవనో తీసుకురమ్మనండి. గాలి లేక కొండ నీడ నీళ్లలో స్పష్టంగా పడినప్పుడు మాత్రం నీటి అంచు నడిమధ్యలో ఉన్నా అందమే. రూలని చెబితే పిల్లలు దాన్నే పట్టుకు కూర్చుంటారు, జాగ్రత్త.

4. ముందు భాగం ఖాళీగా వదలొద్దు

సీతానగరం ఒడ్డు నుంచి అవతలి కొండను తీస్తే మధ్యలో అంతా నీళ్లే. దగ్గర్లో ఒక పడవో, గడ్డి దుబ్బో, ఘాట్ మెట్ల అంచో కలిస్తే నది వెడల్పు తెలుస్తుంది. దానికి కిందికి వంగాలి. పిల్లలు ఎలాగూ పొట్టివాళ్లు కాబట్టి ఈ విషయంలో మనకన్నా నయం. పాచి పట్టిన మెట్ల మీద, పిట్టగోడల దగ్గర చెయ్యి పట్టుకునే ఉండండి.

5. వెలుగు చూసి వెళ్లండి

బ్యారేజీ దగ్గర సూర్యాస్తమయం నీళ్లు నిలిచే ఎగువ వైపు, ఉదయం ఎండ దిగువ వైపు. గేట్లు మూసి ఉన్న రోజుల్లో దిగువన ఇసుక తిన్నెలు తేలతాయి, పొద్దున్నే వాటి మీద నీడలు పొడుగ్గా సాగుతాయి. సాయంత్రం స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకితే కొండ నల్లగా మారుతుంది. కొండను తాకితే అది వెలుగులోకి వచ్చి ఆకాశం తెల్లబోతుంది. రెండూ తీయించి, ఏది కావాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

6. ఇక ఊళ్లోకి

నగరం ఫొటోకు మన దగ్గర పెద్ద తలనొప్పి కరెంటు తీగలు, ఫ్లెక్సీలు. రెండడుగులు పక్కకు జరిగితే సగం పోతాయి, మిగిలినవి ఊరి వాటా అనుకోవాలి. గాంధీ కొండ ఎక్కితే డాబాలు, రైలు పట్టాలు కిందికొస్తాయి. పట్టాల గీత ఫ్రేమ్ మూల నుంచి మొదలై లోపలికి పోయేలా పెట్టమనండి. బందరు కాలవ గట్టు కూడా ఇలాగే పనికొస్తుంది. బీసెంట్ రోడ్డులోనైతే ముందు ఫ్రేమ్ పెట్టుకుని ఆగాలి, ఖాళీలోకి మనిషి రాగానే నొక్కాలి. జూమ్ చేస్తే బొమ్మ చెదురుతుంది, కాబట్టి వీలున్న చోట నడిచి దగ్గరకు వెళ్లడమే మేలు.

7. ఇంటికొచ్చాక ఏరించండి

తీసినవాటిలో మూడే ఉంచమనండి. ఏది ఎందుకు ఉంచాడో, ఏది ఎందుకు తీసేశాడో చెప్పించండి. నచ్చని ఒకదాన్ని క్రాప్ చేయించి చూడండి. ఒక్కోసారి పారేయబోయిన దాంట్లోనే మంచి ఫొటో దాక్కుని ఉంటుంది. ఫిల్టర్ల జోలికి ఇంకొన్నాళ్లు పోకపోవడమే మంచిది.