నేటాల్ వెళ్లిన తెలుగు కుటుంబాల వంశవృక్షం ఎక్కడ ఆగిపోతుంది, ఎలా కదిలించాలి: సమస్యలు - పరిష్కారాలు

మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో ఒప్పంద కూలీల (నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పందం రాసి వెళ్లినవారి) రవాణా ఆగిపోయే వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి లక్షా యాభై వేలకు పైగా భారతీయులు వెళ్లారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. అక్కడి వారసులు తమ ఊరి కోసం, ఇక్కడివారు తమ ఇంటినుంచి వెళ్లిపోయినవారి కోసం వెతికేటప్పుడు దాదాపు ఒకే చోట్ల చిక్కుకుపోతారు. ముత్తాత ఒక్కడి పేరునే పట్టుకుని వెతకడం ఇందుకు ముఖ్య కారణమని నా నమ్మకం. ఆయనతో పాటు ఓడ ఎక్కినవారిని, పనిచేసిన చెరకు తోటలో పక్క గదిలో ఉన్నవారిని కూడా లెక్కలోకి తీసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

సమస్య: ఇంటిపేరు ఎక్కడా దొరకదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు శాఖలకు రెండు వేర్వేరు ఇంటిపేర్లు ఉంటాయి.

కారణం: ఓడ జాబితాలో వలస సంఖ్య (వెళ్లిన ఒక్కొక్కరికి ఇచ్చిన వరుస సంఖ్య), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసేవారు గాని ఇంటిపేరుకు గడి లేదు. తరువాతి తరంలో తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అన్న అప్పలస్వామి పిల్లలు అప్పల్‌సామీలు, తమ్ముడు ఎర్రయ్య పిల్లలు ఎర్రయ్యలు అయ్యారు. ఇక నాయుడు అన్నది గౌరవ వాచకం. ఉత్తరాంధ్రలో వెలమలు, కాపులు, గవరలు, చిత్తూరు వైపు బలిజలు కూడా పేరు చివర దాన్ని పెట్టుకుంటారు కనుక ఇద్దరు నాయుళ్లు బంధువులే అయి ఉండాలని ఏమీ లేదు.

పరిష్కారం: ఇంటిపేరును పక్కన పెట్టి వలస సంఖ్యతో మొదలుపెట్టండి. పాత పెళ్లి పత్రాల మీద, పిల్లల జనన పత్రాల మీద ఆ సంఖ్య తరచు కనిపిస్తుంది. అది దొరికాక ఆ వ్యక్తి వరుసతో ఆగకుండా ముందు పది, వెనక పది సంఖ్యలు చదవండి, ఎందుకంటే కలిసి వచ్చినవారి సంఖ్యలు చాలాసార్లు పక్కపక్కనే పడతాయి. ఒక పుటలో అప్పలస్వామి, తండ్రి ఎర్రయ్య, తాలూకా చీపురుపల్లి అని ఉండి, రెండు వరుసల కింద అదే ఊరి నూకమ్మ, తండ్రి ఎర్రయ్య అని ఉందనుకోండి. వారు అన్నాచెల్లెళ్లు కావచ్చు, కాని ఎర్రయ్య అనే పేరు ఊరికి నలుగురికి ఉంటుంది. ఇద్దరినీ ఒకే యజమాని వద్దకు పంపారా, తరువాత ఒకరి పత్రాల్లో మరొకరి పేరు వచ్చిందా అన్నది తేలేవరకు ఆ బంధుత్వాన్ని పెన్సిల్‌తోనే రాసుకోవాలి.

సమస్య: ఊరి పేరు, తాలూకా పేరు నేటి పటంలో లేవు.

కారణం: తెలుగు ఉచ్చారణను గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో రాశాడు, పైగా ఆ తరువాత సరిహద్దులు పలుమార్లు మారాయి. గంజాం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు కనుక అంతకు ముందు ఉత్తర ఆర్కాటు అని రాసి ఉన్నంత మాత్రాన ఆ మనిషిని తమిళుడిగా లెక్కించకూడదు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడివడ్డాయి. పాత పత్రాల్లోని సర్వసిద్ధి తాలూకాకు ముఖ్యస్థానం ఎలమంచిలి, వీరవల్లి తాలూకాకు చోడవరం.

పరిష్కారం: అదే తాలూకా నుంచి అదే ప్రయాణంలో వచ్చినవారి ఊళ్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒకరి వరుసలో చెడిపోయిన పేరు మరొకరి వరుసలో కాస్త స్పష్టంగా ఉంటుంది. కొత్తవలస, లక్ష్మీపురం వంటి పేర్లు అనేక చోట్ల ఉన్నందున, చుట్టుపక్కల ఊళ్లు గుంపుగా ఎక్కడ కుదురుతాయో చూసి నిర్ణయించాలి. మనుషుల పేర్లు కూడా దారి చూపుతాయి: అప్పల అనేది సింహాచలం అప్పన్నను, పైడి అనేది విజయనగరం పైడితల్లమ్మను, కూర్మ అనేది శ్రీకూర్మాన్ని, నూకాలు అనేది అనకాపల్లి నూకాంబికను తలపిస్తాయి. ఇవి సూచనలే తప్ప సాక్ష్యాలు కావు.

సమస్య: డీఎన్‌ఏ పరీక్షలో దగ్గరి బంధువని వచ్చినా ఉమ్మడి పూర్వీకుడు కనిపించడు.

కారణం: మేనరికాలు, కుండమార్పిళ్లు. రెండు కుటుంబాలు తరతరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకుంటే ఒకే మనిషి రెండు మూడు వైపుల నుంచి బంధువవుతాడు, దాంతో పరీక్ష అసలు దూరం కన్నా దగ్గరగా చూపుతుంది. నేటాల్‌లో తెలుగువారు తక్కువమంది కావడంతో ఒకే తోటలోని కుటుంబాల మధ్య సంబంధాలు మరింత అల్లుకున్నాయి.

పరిష్కారం: ఆడపడుచులకు, కోడళ్లకు విడిగా పట్టిక వేయండి. మగవారి వరుస మాత్రమే గీసిన వంశవృక్షంలో ఈ ముడి కనబడనే కనబడదు. ఇంట్లో బతికి ఉన్న పెద్దతరం వారి పరీక్ష ముందు చేయించడం మేలు.

సమస్య: ఇంట్లో బాబాయి అని పిలిచిన వ్యక్తికి రక్తసంబంధం తేలదు.

కారణం: వారాల తరబడి ఒకే ఓడలో వచ్చినవారు తోబుట్టువుల్లా మెలిగారు, ఆ వరుసలు పిల్లలకూ సంక్రమించాయి.

పరిష్కారం: ఆ బాబాయిని వంశవృక్షం నుంచి తీసివేయకండి. ఆయన పత్రాల్లో మీ ముత్తాత ఊరు ఉండవచ్చు. అయితే ఉమ్‌లాజీ, ఉమ్‌జింటో వంటి ఓడలు అనేకసార్లు తిరిగాయి కనుక ఓడ పేరుతో పాటు ప్రయాణ సంఖ్య కూడా సరిపోవాలి. డర్బన్‌లో భారతీయులకు కేటాయించిన చాట్స్‌వర్త్ ప్రాంతంలో ఇరుగుపొరుగు కావడాన్ని మాత్రం ఆధారంగా తీసుకోకూడదు. జాతుల వారీగా నివాస ప్రాంతాలను విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం పాత కాలనీలను చెదరగొట్టి ఎక్కడెక్కడివారినో అక్కడ చేర్చింది.

చివరగా, ఊరు తేలి ఇక్కడికి వచ్చేవారు ఒక్క పేరుతో రాకుండా ఆ గుంపు పేర్లన్నీ తెచ్చుకోవాలి. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీ గ్రామాల్లో ప్రభుత్వ భూమి రికార్డులు చాలావరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతవే, వాటిలో వలస వెళ్లిన మనిషి ఉండడు. ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల పిల్లలు, ఇంటిపేర్లతో సహా, ఉంటారు. రచ్చబండ దగ్గరి పెద్దలను అడిగేటప్పుడు కూడా ఎర్రయ్య ఎవరని అడగవద్దు. ఎర్రయ్య, నూకమ్మ, పక్క వీధి పైడయ్య కలిసి ఓడెక్కిన సంగతి ఎవరి ఇంట్లో చెప్పుకునేవారని అడగండి.