స్థానిక కలపతో కట్టే ఊరందరి కిరాణా దుకాణం: ప్లాన్ ఖరారుకు ముందు జాగ్రత్తలు

ముందు కలప, తర్వాతే డ్రాయింగు. దగ్గర్లో ఎంత పొడవు దూలాలు దొరుకుతాయో తెలియకుండా స్తంభాల మధ్య దూరం నిర్ణయిస్తే ప్లాన్ మళ్లీ గీయాల్సి వస్తుంది.

□ తేమ: లోపల వాడే కలపలో దాదాపు 15 శాతం మించకూడదు. తేమ కొలిచే మీటరు సూదుల్ని దూలం మధ్యలో గుచ్చండి. చివర్లు త్వరగా ఆరిపోతాయి కాబట్టి అక్కడి అంకెను నమ్మలేం. పచ్చి కలప వాడితే అది అడ్డంగా కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి.

□ చేవ లేని భాగాన్ని, అంటే మాను బయటి వైపు లేత కలపను, నేల దగ్గర వాడొద్దు. పురుగు, కుళ్లు పట్టకుండా పూసే బోరేట్ మందు వానకు కొట్టుకుపోతుంది, బయటి కలపకు దాన్ని నమ్ముకోవద్దు.

□ నేల రోజూ కడుగుతారు. స్తంభాల్ని 150 మిల్లీమీటర్ల ఎత్తు కాంక్రీటు దిమ్మెల మీద నిలపండి.

□ కోల్డ్ రూమ్: ఇక్కడ కలప కనిపించకుండా కుళ్లిపోవచ్చు. చల్లటి గోడ పక్కన గాలి ఆడకపోతే కలప మీద నీరు పడుతుంది. కనీసం 50 మిల్లీమీటర్ల సందు, దానికి పైనా కిందా గాలిదారి వదలండి. ఆవిరి అడ్డుపొర (గాలిలోని తేమ గోడలోకి చొరకుండా ఆపే పొర) వెచ్చటి వైపే ఉండాలి. అతుకుల దగ్గర చిన్న చీలిక ఉన్నా అది వృథానే.

□ నిప్పు: మెత్తకలప (పైన్ లాంటిది) నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు బొగ్గవుతుంది. 30 నిమిషాలు నిలవాలంటే మంట తగిలే ప్రతి వైపూ 20 మిల్లీమీటర్లకు మించి అదనంగా ఉంచండి. అతుకుల్ని కలిపే ఉక్కు ప్లేట్లను కలపలోపల దాచండి, బయట ఉంటే ముందు అవే మెత్తబడతాయి.

□ బస్తాల నిల్వ బరువు ఇంజినీరుకు ముందే చెప్పండి.

□ చక్రాల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల ఖాళీ వృత్తం ఉండాలి. కూర్చునే బల్లలు బిల్లింగ్ వరుసకు అడ్డం రాకూడదు.