ఎండకు గొంతు పట్టేసే ఫజ్ పెడల్: నాకు పనిచేసింది ఇది

జర్మేనియం ట్రాన్సిస్టర్లతోని ఫజ్ (గిటార్ సౌండును గరగరగా మార్చే పెడల్) చేసుకున్నోళ్లు చానా మంది, ఎండకు నోటు ఎందుకు తెగుతదని అడుగుతున్నరు, అందుకే రాస్తున్న. హన్మకొండల మాది పైఅంతస్తు రూము, మే నెలల స్లాబు కాలిపోతది. పొద్దున మస్తు మోగే పెడల్ మధ్యాహ్నం అయ్యేసరికి నోటు తెగి తెగి వచ్చి టప్పున ఆగిపోతుండె. బ్యాటరీ, జాకులు, కెపాసిటర్లు అన్నీ మార్చిన, ఏం లాభం లే.

నాది రెండు ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లతోని చేసిన ఫజ్ ఫేస్ (పేరున్న పాత ఫజ్ పెడల్) సర్క్యూట్. మధ్యాహ్నం మీటర్ పెడితే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (సిగ్నల్ బయటికొచ్చే కాలు) మీద 7 వోల్టులు దాటింది, ఉండాల్సింది 4.5 దగ్గర (ఇవి పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లు కాబట్టి ప్లస్సే గ్రౌండ్, మీటర్ల మైనస్ కనపడితే భయపడకుండ్రి). వేడికి జర్మేనియంల లీకేజీ (ఊరికే కారే కరెంటు) పెరుగుతది, బయాస్ (ట్రాన్సిస్టర్ నిలబడాల్సిన వోల్టేజీ) జరిగిపోతది.

ముందు బ్యాటరీ తీసేసిన. ఆ రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాడి 8.2కె రెసిస్టర్ ఊడబెరికి దాని జాగల 20కె ట్రిమ్‌పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెట్టిన, మధ్య కాలు ఒక పక్క కాలుకు కలిపి. సోల్డర్ వేడి ట్రాన్సిస్టర్‌కు ఎక్కుతది కాబట్టి ఇరవై నిమిషాలు ఆగిన, ఇది మాత్రం తప్పకుండా చేయాలె, ట్రాన్సిస్టర్‌ను వేలుతోని పట్టుకున్నా రీడింగ్ మారుతది. తర్వాత బ్యాటరీ పెట్టి, అదే మధ్యాహ్నం వేడిల, 4.5 వచ్చేదాక మెల్లగ తిప్పిన. నోటు మళ్ల నిండుగ సాగింది, ఎంత సంతోషమైందో!

చలికాలంల మళ్ల తిప్పాల్సి వస్తది, అందుకే మూతకు రంధ్రం చేసి నాబ్ బయటికి తెస్తున్న. ఏ రెండు ఏసీ128లు ఒక్క తీరుగ ఉండయి, లీకేజీ మరీ ఎక్కువుంటే ఇది సాలకపోవచ్చు. సిలికాన్‌వి అయితే తప్పు వేరే కాడ చూడుండ్రి.