పన్ను పీకించుకునే ముందు: షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

షుగరు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకోవాలంటే రెండు మూడు రోజుల ముందు నుంచే సిద్ధం కావాలి. వాడుతున్న మందుల చీటీలు, స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. "బీపీ మాత్ర, ఇంకో చిన్న తెల్ల మాత్ర" అంటే డెంటిస్టుకు ఏమీ అర్థం కాదు.

ఎక్కువ ప్రమాదం మాత్రలు సొంతంగా మానేయడంలోనే ఉంది. రక్తం ఆగదేమోనని భయపడి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి నాలుగైదు రోజుల ముందే ఆపేస్తుంటారు. స్టెంటు ఉన్నవాళ్లు అలా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. పన్ను తీసిన గుంటలోంచి వచ్చే రక్తాన్ని గాజుగుడ్డతో నొక్కి, అవసరమైతే కుట్టు వేసి ఆపవచ్చు. ఒకటి రెండు పళ్లకైతే మామూలుగా ఈ మాత్రలు ఆపనక్కర్లేదు. రక్తం పలచబడడానికే ఇచ్చే వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లు మాత్రం 24 గంటల లోపు చేయించిన ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు తీసుకెళ్లాలి. అది 3.5 దాటి ఉంటే ముందు గుండె డాక్టరును కలవండి.

కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ల సంగతి వేరు. పన్ను కదిపినప్పుడు చిగుళ్లలోని క్రిములు రక్తంలో కలుస్తాయి. ఆరోగ్యవంతుల్లో శరీరం వాటిని త్వరగానే చంపేస్తుంది. వాల్వు మీద పట్టుకున్నాయంటే మాత్రం గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వస్తుంది, అది ప్రాణాంతకం. అందుకే పెద్దవాళ్లకు పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు అమాక్సిసిల్లిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాములవి నాలుగు, ఒకేసారి ఇస్తారు. గతంలో ఇదే ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకూ ఇంతే. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, వేరే మందు ఇస్తారు. స్టెంటు మాత్రమే ఉంటే ఈ డోసు అక్కర్లేదు.

షుగరు ఉన్నవాళ్లు పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకోండి. పరగడుపున వెళ్లొద్దు. ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ మానేస్తే కుర్చీలోనే షుగరు పడిపోతుంది. పైగా మత్తు ఇంజక్షన్ వల్ల రెండు మూడు గంటలు సరిగా నమలలేరు. మామూలుగా తిని, మందు వేసుకుని, జేబులో గ్లూకోజు పొడి పెట్టుకుని వెళ్లండి. షుగరు బాగా ఎక్కువగా ఉంటే పుండు త్వరగా మానదు కాబట్టి తగ్గేదాకా వాయిదా వేస్తారు. కానీ చీము పట్టి ఉంటే ఎదురు చూస్తూ కూర్చోకండి. ఆ చీము వల్లే షుగరు అదుపు తప్పుతుంది, అదుపు తప్పిన షుగరుతో చీము ఇంకా పెరుగుతుంది. వాచిన దవడకు కాపడం పెట్టడం, చిగురుపై నొప్పి మాత్ర నలిపి పెట్టడం వద్దు. మాత్ర పెట్టిన చోట చర్మం కాలి తెల్లగా ఊడుతుంది.

ఎముకలు గుల్లబారినందుకో, క్యాన్సర్‌కో జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజక్షన్ తీసుకున్నవాళ్లు ఏళ్లు గడిచినా ఆ మాట చెప్పాలి. పన్ను తీసినచోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోయే ప్రమాదం ఉంది.

పన్ను తీశాక గాజుగుడ్డను అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టండి. మాటిమాటికీ తీసి చూస్తే గుంటలో కట్టిన రక్తపు గడ్డ ఊడొస్తుంది. 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రా వాడడం, బీడీ, సిగరెట్టు, గుట్కా ఏదీ వద్దు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనం తర్వాత నెమ్మదిగా నోట్లో తిప్పి వదిలేయండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ప్రమాదకరం. పంటి చీముకు తరచూ రాసే మెట్రోనిడజోల్ కూడా ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది, కాబట్టి అది రాస్తుంటే డాక్టరుకు గుర్తు చేయండి.

మూడో రోజు నుంచి నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగి చెవిదాకా పాకితే, గుంటలో గడ్డ ఊడిపోయిందేమో చూపించుకోండి. గాజుగుడ్డ నొక్కినా గంట దాటి రక్తం కారుతుంటే వెంటనే వెళ్లాలి. దవడ కింద గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా అది అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి.